విల్లు పూర్తిగా లాగాక ఎంతసేపు ఆపాలి?

పౌరాణిక నాటకాల్లో అర్జునుడు విల్లు ఎక్కుపెట్టి పద్యం అందుకుంటాడు. రాగం సాగినంతసేపూ బాణం అలాగే ఉంటుంది. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటి నుంచి. అది అట్టవిల్లు కాబట్టి సరిపోతోంది. నా దగ్గరికి కొత్తగా వచ్చే పెద్దవాళ్లలో సగంమంది ఆ అర్జునుడిలాగే నిలబడతారు, గురి కుదిరేదాకా ఆగాలన్న లెక్కలో. కుర్రాళ్లది ఇంకో రకం. తాడు గడ్డానికి తగలకముందే బాణం వెళ్లిపోతుంది. ఇద్దరూ అడిగేది మాత్రం ఒకటే: "ఎన్ని సెకన్లు ఆపాలి మాస్టారూ?"

అంకె కావాలంటే ఇప్పుడే చెప్పేస్తాను. కప్పీలు లేని విల్లుకి, అంటే వెదురు విల్లు, లాంగ్‌బో (పొడుగాటి చెక్కవిల్లు), సైట్ (గురి చూసే పరికరం) లేని మామూలు రికర్వ్ (కొసలు ముందుకి తిరిగిన విల్లు) లాంటి వాటికి, తాడు ముఖం దగ్గర కుదిరాక రెండు మూడు సెకన్లు. కొత్తవాళ్లకి రెండు చాలు. నాలుగు దాటిందంటే బాణం వదలకండి, దించేయండి. అయితే ఈ అంకె ఒక్కటే పట్టుకెళ్లి వేస్తే గురి బాగుపడదు. ఆ రెండు సెకన్లలో మీ వీపు ఏం చేస్తోందన్నదే అసలు సంగతి. ఈ రాసేదంతా దాని గురించే.

నేను విశాఖ పోర్టులో క్రేన్ మీద పని చేస్తాను. డ్యూటీ లేని పూట మధురవాడ అవతల, కొండ తవ్వి వదిలేసిన బంధువుల స్థలంలో, వచ్చినవాళ్లకి విలువిద్య నేర్పుతాను. వెనక ఎర్రమట్టి గట్టు నిలువుగా ఉంటుంది, బాణం తప్పినా ఎక్కడికీ పోదు. ఫీజు లేదు. బాణం విరగ్గొడితే కొనివ్వాలి, అంతే.

టీవీలో జ్యోతి సురేఖని చూసి వచ్చేవాళ్లకి ముందు ఒకటి చెప్పాలి. మన విజయవాడ అమ్మాయి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. లాగాక ఎంత నిబ్బరంగా నిలబడుతుందో చూసే ఉంటారు. కానీ ఆమె వాడేది కాంపౌండ్ విల్లు. అందులో కొసల దగ్గరి కప్పీలు తిరిగాక లాగే బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. 50 పౌన్ల విల్లు (అంటే లాగడానికి 50 పౌన్ల బలం కావాల్సింది), తగ్గుదల 80 శాతం అనుకుంటే, చివర్లో చేతి మీద మిగిలేది 10 పౌన్లే. మన వెదురు విల్లుది దీనికి పూర్తిగా తిరుగుడు. లాగేకొద్దీ బరువు పెరుగుతూనే పోతుంది, అన్నిటికన్నా ఎక్కువ బరువు పడేది సరిగ్గా మీరు ఆగే చోటే. పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన ధీరజ్ బొమ్మదేవరది రికర్వే, దానికీ బరువు తగ్గడం ఉండదు. కానీ ఆ విల్లుకి సైటు ఉంటుంది, బాణం సరిపడా వెనక్కి వచ్చిందని చప్పుడు చేసి చెప్పే క్లిక్కర్ ఉంటుంది. మనకి ఆ రెండూ లేవు. ఎప్పుడు వదలాలో ఒళ్లే చెప్పాలి.

క్రేన్‌లో లోడు గాల్లో ఆపితే బ్రేకు పట్టుకుంటుంది, మోటారుకి విశ్రాంతి. ఒంట్లో అలాంటి బ్రేకు లేదు. విల్లు లాగి కదలకుండా నిలబడ్డామనుకుంటాం గానీ కండ అరక్షణం కూడా ఖాళీగా ఉండదు. అలిసిపోయిన కండ ముందు వణుకుతుంది, తర్వాత మీకు తెలియకుండానే కొంచెం కొంచెంగా వదిలేస్తుంది. బాణం మొన వేలెడు ముందుకి జారిపోయినా మీకు మాత్రం ఇంకా పూర్తిగా లాగే ఉన్నట్టే అనిపిస్తుంది. గురి తప్పేది ఇక్కడ.

ఈ జారుడు ఎంత నష్టమో లెక్క చూడండి. 40 పౌన్ల విల్లు, సెకనుకి 50 మీటర్లు పోయే బాణం అనుకుందాం. వదిలే ముందు చెయ్యి ఒక్క సెంటీమీటరు ముందుకి జారితే బాణానికి అందే శక్తి ఇంచుమించు 4 శాతం తగ్గుతుంది. 20 మీటర్ల దూరంలో అది 3 సెంటీమీటర్ల పల్లం, పెద్దగా పట్టించుకోం. అదే 50 మీటర్ల దగ్గర దాదాపు 20 సెంటీమీటర్లు. వెదురు విల్లుతో ఆడే మన ఇండియన్ రౌండ్ పోటీలో పెద్ద దూరం 50 మీటర్లే. 122 సెంటీమీటర్ల టార్గెట్ ఫేస్ (రింగులు గీసిన కాగితం) మీద ఒక్కో రింగు వెడల్పు 6 సెంటీమీటర్ల చిల్లర. అంటే ఒక్క సెంటీమీటరు జారితే మూడు రింగులు పోయినట్టే. నా దగ్గరికి వచ్చి "గాలికి పడిపోయింది మాస్టారూ" అనేవాళ్లలో ఎక్కువమందిది గాలి కాదు, ఇదే.

కాబట్టి లాగాక ఆగకూడదు, లాగుతూనే ఉండాలి. చూసేవాళ్లకి మీరు నిలబడిపోయినట్టే కనిపించాలి, లోపల మాత్రం పని సాగుతూ ఉండాలి. ఇది ఎలా చేయాలంటే:

విల్లు ఎత్తేటప్పుడే టార్గెట్ మీద కన్ను పెట్టేయండి, లాగాక వెతుక్కోవడం వద్దు. ఊపిరి తీసుకుంటూ లాగండి. నడిమి వేలి కొస పెదవుల మూలకి తగలాలి. ప్రతిసారీ అదే మూల, అదే వేలు. తగిలాక ఊపిరి సగం వదిలి అక్కడ ఆపండి. ఇప్పుడు మొదటి సెకను. ఇంతవరకూ ముంజేయి, జబ్బ లాగిన బరువుని వీపుకి అప్పగించే పని అప్పుడు చేయాలి. కుడి మోచేయి కాస్త వెనక్కి, వీపు వైపుకి తిరుగుతుంది. రెక్క ఎముకలు రెండూ దగ్గరవుతున్నట్టు తెలుస్తుంది. వేళ్లు కొక్కేల్లా ఉండాలి, మణికట్టు మెత్తగా ఉండాలి. కొత్తవాళ్లకి ఇది తెలియాలని నేను వెనక నిలబడి రెండు రెక్క ఎముకల మధ్య వేలు పెట్టి "నా వేలు నొక్కు" అంటాను. అమ్మాయిలైతే వాళ్లలో వాళ్లనే ఆ పని చేసుకోమంటాను. పెట్టిన వేలు నలిగిందంటే బరువు వీపుకి వచ్చినట్టే.

రెండో సెకను, మూడో సెకను ఆ నొక్కుడు పెరుగుతూ ఉండాలి. పెరగడమంటే మిల్లీమీటర్ల లెక్కే. కన్ను టార్గెట్ మీద, మనసు వీపు మీద. అలా పెరుగుతుండగానే వేళ్లు వదులైపోవాలి, చెయ్యి తనంతట తానే చెవి వైపు వెనక్కి పోవాలి. వదిలాక చెయ్యి ముందుకొచ్చిందా, గడ్డం దగ్గరే ఉండిపోయిందా, వీపు పని ముందే ఆగిపోయిందన్నమాట. నొక్కుడు పెరగడం ఆగిన క్షణంలో మీ ముందు రెండే దారులు: వెంటనే వదలడం లేదా దించేయడం. "ఇంకొక్క క్షణం చూద్దాం" అన్నది మాత్రం ఉండకూడదు.

ఇప్పుడు మీ సొంత అంకె తెలుసుకునే పద్ధతి. ఒక పాత న్యూస్‌పేపరు మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా మందపాటి గీత గీసి టార్గెట్‌కి అతికించండి. చుక్క వద్దు, గీతే. 15 మీటర్ల దూరం చాలు. తాడు కుదిరాక మనసులో "నూటొకటి, నూటరెండు" అని లెక్కపెట్టండి, ఒక్కోటి దాదాపు ఒక సెకను పడుతుంది. ఒక సెకను ఆపి ఆరు బాణాలు, రెండు ఆపి ఆరు, అలా ఐదు సెకన్ల వరకూ వేయండి (నాలుగు దాటితే దించేయమన్న మాట ఈ పరీక్షకి మాత్రం పట్టదు). వరసగా ఒకటి నుంచి ఐదుకి పోవద్దు, అలా పోతే చివరి బాణాలు అలసటకి పడతాయి గానీ ఆపడానికి కాదు. మూడు, ఒకటి, ఐదు, రెండు, నాలుగు అని కలిపేయండి. రెండు రోజులకి పంచుకుంటే ఇంకా మంచిది. అయ్యాక ఒక్కో ఆరు బాణాలూ గీతకి పైనా కిందా ఎంత మేర చెదిరాయో స్కేలుతో కొలవండి. కుడి ఎడమల తేడా ఇప్పుడు పట్టించుకోవద్దు, అది ఎక్కువగా వేళ్లు వదిలే తీరుకి సంబంధించింది. పైకీ కిందికీ చెదరడమే ఆపిన సమయం చెప్పే సాక్ష్యం. ఏ అంకె దగ్గర ఆ చెదురు తక్కువ ఉందో అది మీది. చాలామందికి రెండు దగ్గరో మూడు దగ్గరో తేలుతుంది. ఒకటి దగ్గర తేలితే మాత్రం సంతోషించకండి, విల్లు మీకు బరువైందేమో చూడండి.

లెక్కపెట్టడం ఈ పరీక్ష వరకే. ఆ తర్వాత కూడా సెకన్లు లెక్కపెడుతూ వేస్తే వీపు మీద ఉండాల్సిన ధ్యాస నోటికి పోతుంది.

తోడు ఎవరైనా ఉంటే ఫోన్‌తో పక్క నుంచి స్లోమోషన్‌లో వీడియో తీయించండి. బాణం మొన, విల్లు పట్టు, ఈ రెండూ ఫ్రేములో ఉంటే చాలు, మీ ముఖం అక్కర్లేదు. వదిలే ముందు మొన ముందుకి పాకుతోందా అన్నది ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. డిగ్రీ చదివే ఒకమ్మాయి "నాది అస్సలు జారదు" అని నాతో పందెం కట్టింది. వీడియో చూసి నోరు మూసుకుంది. మర్నాటికి సగం సరిచేసుకుని వచ్చింది కూడా. చెప్పిన మాట కన్నా కంటితో చూసింది తొందరగా ఎక్కుతుంది.

విల్లు బరువు సంగతి. ఆన్‌లైన్‌లో 45 పౌన్లది కొనుక్కుని వచ్చి "ఏటి మాస్టారూ, చెయ్యి ఒణికిపోతోంది" అనేవాళ్లకి నా దగ్గర టెక్నిక్ ఏమీ లేదు. బాణం పెట్టి, టార్గెట్‌కి మూడు మీటర్ల దగ్గర నిలబడి, లాగి, పది సెకన్లు ఆగి, మెల్లగా దించండి. వణుకు లేకుండా, భుజం చెవి వైపు లేవకుండా ఇది చేయలేకపోతే ఆ విల్లు మీది కాదు, ఇంకా. పెద్దవాళ్లు 20 నుంచి 25 పౌన్లతో మొదలుపెట్టండి. బరువు చాలకపోయినా నేర్చుకోవచ్చు, బరువు ఎక్కువైతే దొంగ పద్ధతులే అలవాటవుతాయి. విల్లు మీద రాసే పౌన్లు 28 అంగుళాలు లాగినప్పటివని కూడా గుర్తుంచుకోండి. మీ చేతులు పొట్టివై 26 అంగుళాలే లాగితే అంగుళానికి రెండు మూడు పౌన్లు తగ్గుతాయి, పొడుగు చేతుల వాళ్లకి అంతే పెరుగుతాయి.

ఇక్కడొక తికమక ఉంది. బాణం వేసేటప్పుడు రెండు మూడు సెకన్లే ఆపమన్నాను కదా, మరి పది సెకన్ల పరీక్ష ఎందుకు? ఓపిక అంతకి మూడు నాలుగు రెట్లు ఉన్నప్పుడే ఆ రెండు సెకన్లు ప్రశాంతంగా ఉంటాయి. అందుకని ఆపడం విడిగా సాధన చేయాలి, బాణం వేయడం విడిగా. సాధనకి వారంలో రెండు పూటలు చాలు. తేలిక విల్లుతో పది సెకన్లు లాగి పట్టుకోవడం, ఇరవై సెకన్లు విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. బాగా అలవాటయ్యాక ఆపడం ముప్పై సెకన్ల దాకా పెంచవచ్చు, విశ్రాంతి మాత్రం ఎప్పుడూ ఆపినదానికి రెట్టింపు ఉండాలి. టార్గెట్ ముందే, బాణం పెట్టే చేయండి. ఖాళీ తాడు లాగి చెయ్యి జారితే విల్లు అక్కడికక్కడే పగిలిపోవచ్చు. ఇంట్లో చేయాలంటే ఫిజియోథెరపీ వాళ్లు వాడే రబ్బరు బ్యాండ్ తెచ్చుకోండి, కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) ఎదుట మందుల షాపుల్లో అడిగితే చెబుతారు. బ్యాండ్‌తో ప్రమాదం తక్కువ, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూడా అవుతుంది. ఈ సాధన చేసిన పూట బాణాలు వేయొద్దు. అలిసిన వీపుతో వేస్తే నేర్చుకునేది జారుడే.

తొందరగా వదిలేసేవాళ్ల గురించి. మా అత్తవారిది చింతపల్లి వైపు. మా మామగారు వయసులో ఉండగా విల్లు చేతపట్టి తిరిగిన మనిషి. ఆయన లాగడం, వదలడం ఒకటే కదలిక. నేను మూడు సెకన్లు నిలబడితే నవ్వేవారు. "గురి సూసుకుంటా నిలబడితే కుందేలు నీకోసం కాసుకుంటాదేటి అల్లుడూ?" ఆయన పద్ధతి ఆయనకి సరైనదే. పొద చాటున, పదిపదిహేను అడుగుల్లో, కదిలే దాని మీద వేసేవాళ్లకి ఆగే వ్యవధి లేదు. పైగా చిన్నప్పటి నుంచి అదే విల్లు, అదే లాగుడు. మనం నిలబడి ఉన్న టార్గెట్ మీద 30 మీటర్ల నుంచి వేస్తాం, వారానికి రెండు పూటలు. ఆయన వేగం మనకి అరువు రాదు. అయితే ఆయన దగ్గర ఒకటి గమనించాను: ఎంత వేగంగా వదిలినా తాడు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చేది. చెంపకి తగలకుండా ఎప్పుడూ వదల్లేదు. మన కుర్రాళ్ల తొందర అలాంటిది కాదు. టార్గెట్ మధ్యలోకి మొన వచ్చిందో లేదో, భయపడినట్టు వేళ్లు తెరుచుకుంటాయి.

జపాన్ వాళ్ల విలువిద్య క్యూదోలో పూర్తిగా లాగి నిలిచే దశని 'కై' అంటారు. అక్కడ దానిని దాటేసి ముందే వదలడాన్నీ తప్పుగా చూస్తారు, వదలలేక సాగదీయడాన్నీ తప్పుగా చూస్తారు. ముందే వదిలే జబ్బు అనుభవం ఉన్నవాళ్లకి కూడా పట్టుకుంటుంది, అదే దానితో చిక్కు. మందు ఒక్కటే నాకు తెలిసింది. టార్గెట్‌కి రెండు మూడు మీటర్ల దగ్గరికి వచ్చేయండి. కాగితం తీసేయండి, వట్టి గడ్డిమోపో గోనెసంచో ఉంచండి. బాణం గడ్డి వైపే ఉందని చూసుకుని, లాగాక కళ్లు మూసుకోండి. గురి పెట్టడానికి ఏమీ లేదు కాబట్టి భయపడటానికీ ఏమీ లేదు. వీపు నొక్కుడు ఒక్కటే వినండి. నాలుగు బాణాల్లో ఒకటి వదలకుండా దించండి, ఏది దించాలో ముందే అనుకోవాలి. లాగిన ప్రతి బాణమూ వదిలి తీరాలన్న అలవాటు వేళ్లకి పోవాలి. కనీసం రెండు వారాలు ఇంతే. విసుగొస్తుంది, వచ్చినా చేయాలి.

దించడం కూడా చేతనవ్వాలి. విల్లు చెయ్యి సడలించకుండా, బాణం టార్గెట్ వైపే ఉంచి, తాడు చెయ్యిని మెల్లగా ముందుకి తీసుకెళ్లాలి. మూడు వేళ్లూ చివరిదాకా తాడు మీదే. మోచేయి కిందికి వేలాడేసి దించితే భుజం పట్టేస్తుంది. పోటీలో దించితే నలుగురూ నవ్వుతారేమోనని వదిలేసేవాళ్లు ఉన్నారు. నవ్వనివ్వండి. సమయం ఉన్నంతవరకూ దించి మళ్లీ లాగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గురి పెట్టే పద్ధతిని బట్టి అరసెకను అటూఇటూ ఉంటుంది. బాణం మొనని చూసి, దూరాన్ని బట్టి ఎంత కింద పెట్టాలో లెక్కగా వేసేవాళ్లకి కాస్త ఎక్కువ పడుతుంది. మొనని చూడకుండా అలవాటు మీద వేసేవాళ్లకి తక్కువ.

మన విశాఖలో పొద్దున్న ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. నేను వీలైనంతవరకూ 9 గంటల లోపే ముగిస్తాను. గాలి తెర వచ్చినప్పుడు లాగి పట్టుకుని అది తగ్గేదాకా ఆగడం పెద్ద పొరపాటు. తెర తగ్గేసరికి మీరు అలిసిపోయి ఉంటారు. లాగకముందే ఆగండి, తగ్గగానే లాగి మామూలు లయలో వదలండి. చెమట ఇంకో గొడవ. వేళ్ల ట్యాబ్ (తాడు కోయకుండా వేళ్లకి పెట్టుకునే ముక్క) తడిసి తాడు మీద అతుక్కుంటుంది, లేదా జారుతుంది. రెండు ట్యాబులు ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి. నుదుటికి గుడ్డ కట్టుకోండి, లాగాక కంట్లో చెమట పడితే ఎవరైనా వదిలేస్తారు.

ఆర్‌కే బీచ్‌లో తెల్లవారుజామున జనం ఉండరు కదా అని విల్లు పట్టుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. వెళ్లకండి. వాకింగ్ వాళ్లు, జాలర్లు, కుక్కలు, ఎవరో ఒకరు ఉంటారు. వెనక గట్టు లేని చోట బాణం వేయకూడదు.

వెదురు విల్లు ఉన్నవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది ఎక్కువసేపు ఆపకపోవడానికి. వంచి ఉంచినకొద్దీ వెదురు ఆ వంపుకి అలవాటు పడిపోతుంది, తాడు విప్పినా పూర్తిగా తిరిగి రాదు. విసురు తగ్గుతుంది. తేమ పట్టిన వెదురుకి ఇది మరీ త్వరగా జరుగుతుంది, మన ఊళ్లో తేమకి కొదవ లేదు కదా. ఆగస్టులో, అక్టోబరులో వానల మధ్య దొరికిన పొడి పూటల్లో వేస్తే మొదట సగం వరకే నాలుగైదుసార్లు లాగి, వెదురు కదలడం మొదలయ్యాకే పూర్తిగా లాగండి. ఆట అయ్యాక తాడు విప్పేయండి. ఇంట్లో వంటింటి గోడకి, బాత్రూం గోడకి ఆనించి పెట్టకండి. ఎండలో నిలబెట్టిన కారులో అసలు వదలకండి, ఫైబర్ పొరలు అతికించిన విల్లయితే ఆ వేడికి అతుకు ఊడిపోతుంది.

ఫొటోల గురించి. పంద్రాగస్టుకి అల్లూరి వేషం వేసిన పిల్లల్ని తెచ్చి, నా విల్లు ఇచ్చి లాగమంటారు. ఫొటో తీసే మనిషి "ఇంకొంచెం, ఇంకొంచెం, నవ్వు" అంటాడు. అల్లూరి నవ్వుతూ బాణం వేశాడని నేనెక్కడా వినలేదు. ఫొటో కోసమైతే సగం లాగితే చాలు, కెమెరాకి తేడా తెలియదు. బాణం తీసేసి అసలే లాగించవద్దు. ఎదురుగా మనిషి ఉండకూడదు, తీసేవాడు పక్క నుంచి తీసుకోవాలి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఆపే సాధన ఏదీ చేయించను. వాళ్లకి పది పన్నెండు పౌన్ల విల్లు, కుదిరాక "ఒకటి" అనుకుని వదలడం, అంతే. పెద్దవాళ్లకి భుజం కీలు ముందు భాగంలో పోటు వస్తే ఆ రోజుకి ఆపేయండి. వీపు నొప్పి పని చేసినందుకు వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. భుజం ముందు వచ్చే పోటు అలాంటిది కాదు. వారం దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించుకుని, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఐదు పౌన్లు తక్కువ విల్లుతో మొదలుపెట్టండి.